హట్టులో రుమాలు వేయడం ఎలా?

అబ్బాయి మ్యూనిక్‌లో ఎమ్మెస్ చేసి అక్కడే ఉద్యోగంలో కుదిరాడు. మీరు సైనిక్‌పురి ఇంటికి తాళం వేసి, తులసి మొక్కకు నీళ్లు పోసే బాధ్యత పక్కింటివాళ్లకు అప్పగించి, విమానం ఎక్కేశారు. వారం తిరిగేసరికి చర్చిలూ ప్యాలెస్‌లూ చూడ్డం అయిపోయింది. ఇక మిగిలింది కొండలే. శనివారం గార్మిష్ దాకా రైల్లో వెళ్లి, రైన్‌టాల్ లోయలో నడిచి, కొండ మీద బస దొరికే హట్టులో రాత్రి పడుకుని, మర్నాడు జర్మనీలోకెల్లా ఎత్తైన త్సుగ్‌ష్పిట్సె శిఖరం ఎక్కుదామంటాడు అబ్బాయి. ఎత్తు 2962 మీటర్లు. హట్టు నియమాలన్నీ ప్రింటవుట్ తీసి మీ చేతిలో పెడతాడు.

కాగితం మంచిదే, పారేయకండి. దాని వెనక వైపు ఖాళీగా ఉంటుంది. ఈ చిట్కాలు అక్కడ రాసుకోండి. కదిలే ఆర్టీసీ బస్సు కిటికీలోంచి రుమాలు విసిరి సీటు కొట్టేసిన మనకు జర్మనీవాడు నేర్పేదేముంది?

1. కాలనీలో తెలిసినవాళ్లను అడక్కండి.

సైనిక్‌పురి మాజీ సైనికులు కట్టుకున్న కాలనీ. ఏ వీధిలో చూసినా మంచులో నెలల తరబడి ఉండొచ్చిన పెద్దమనిషి ఒకాయన మొక్కలకు నీళ్లు పడుతూ కనిపిస్తాడు. పొరపాటున ఆయన్ని కదిపారో, నిజం చెప్పేస్తాడు. బూట్లు ముందే కొని నెల రోజులు తొడుక్కు తిరగమంటాడు. సంచిలో సగం తీసేయమంటాడు. తెల్లారకముందే బయల్దేరమంటాడు. సైన్యానికి గుల్మార్గ్‌లో ఇవన్నీ నేర్పడానికి 1948 నుంచి ఒక బడే ఉంది. మీకంత తీరికెక్కడిది? జీవితంలో కొండెక్కని బావగారిని అడగండి. "ఏం కాదులే, నేను తిరుపతి మెట్లెక్కలేదూ?" అంటాడు. మీక్కావలసిన ధైర్యం అదే.

2. సాధన చేయకండి.

మాలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అంతకుముందు భువనగిరి బండ మీద వేలాడింది, డార్జిలింగ్‌లో శిక్షణ పొందింది, చలికాలం లద్దాఖ్‌లో వణికింది. చిన్నపిల్ల, ఎవరూ చిట్కాలు చెప్పినట్టు లేదు. మీకు మౌలాలి గుట్ట కూతవేటు దూరం. కారులో వెళ్లి, కింద నిలబడి, గుట్ట మొత్తం వచ్చేలా ఫొటో తీయించుకోండి. కాప్రా చెరువు చుట్టూ నడుస్తానని ఇంట్లో చెప్పి, ఏఎస్‌రావు నగర్‌లో మిర్చి బజ్జీ తిని రండి. కొత్త బూట్లు డబ్బాలోనే ఉంచి, గార్మిష్‌లో రైలు దిగాక తొడగండి. మొదటి గంటలోనే మడమ మీద పొక్కు లేస్తుంది. ఆ తర్వాత సంచి మోయమని మిమ్మల్నెవరూ అడగరు.

3. నాలుగు హట్టుల్లో రుమాలు వేయండి.

ఆ లోయలోని రైన్‌టాలాంగర్‌హ్యుట్టె, దానికి పైన 2000 మీటర్లు దాటాక వచ్చే క్నోర్‌హ్యుట్టె, రెండూ జర్మన్ ఆల్పైన్ క్లబ్ మ్యూనిక్ శాఖవి. క్లబ్ పుట్టింది 1869లో. క్నోర్‌హ్యుట్టె అంతకంటే పాతది, 1855లో మొదట కట్టారు. వేసవి శనివారాలకు పడకలు వారాల ముందే అయిపోతాయి. అందుకని ఒకే శనివారానికి నాలుగు హట్టుల్లో బుక్ చేయండి: ఒకటి మీ పేర, ఒకటి అబ్బాయి పేర, ఒకటి కోడలి పేర, ఒకటి వియ్యంకుడి పేర. ఆయన కరీంనగర్‌లోనే ఉంటాడు, ఫర్వాలేదు. ఆ రోజు ఎక్కడ నచ్చితే అక్కడికి వెళ్లొచ్చు.

వెళ్లనివి రద్దు చేయకండి, ఇది ముఖ్యం. రద్దు చేస్తే ఆ పడకలు ఇంకొకరికి ఇచ్చేస్తారు, మన రుమాలు వృథా. ఆ సాయంత్రం వర్షంలో తడిసి వచ్చినవాళ్లు భోజనాల గదిలో బల్లల కింద పడుకుంటారు. నాలుగు హట్టుల్లోనూ పైన మీ పరుపులు ఖాళీగా, శుభ్రంగా, మీ పేరుతో ఉంటాయి. ఈలోగా మీరు నడవలేక దారిలో తగిలిన ఐదో హట్టులో ఆగిపోతారు. అందులో మాత్రం బుక్ చేసి ఉండరు.

4. సభ్యత్వం దండగ.

క్లబ్ సభ్యులకు పడక చవక, బుకింగ్‌లో కొంత మొగ్గు, కొండ మీద చిక్కుకుంటే రక్షణ ఖర్చుకు 25,000 యూరోల దాకా బీమా. ఏడాది చందా కట్టాలి మరి. ఆ డబ్బు మిగిల్చి, అబ్బాయి స్నేహితుడి కార్డు అడిగి తెచ్చుకోండి. కార్డు మీద స్టెఫాన్ అని ఉంటే మాత్రం ఏమిటి? గుర్తింపు చూపించమంటే "ఇంటిపేరు అది, ముద్దుపేరు ఇది" అనండి.

5. ఇల్లు మొత్తం మోయండి. మీరు కాదు, అబ్బాయి.

హట్టులో దుప్పట్లు ఉంటాయి. లోపల వేసుకోవడానికి పల్చటి బట్టతో కుట్టిన సంచి ఒకటి మనమే తీసుకెళ్లాలి, తప్పనిసరి. పట్టుదైతే అరచేతిలో ఇమిడిపోతుంది, బరువే తెలియదు. అది మర్చిపోండి. దాని జాగాలో ఇవి సర్దండి: రెండు రకాల పులిహోర, చెగోడీలు, గోంగూర, ఎలక్ట్రిక్ కెటిల్, చిన్న రైస్ కుక్కర్, ఆవకాయ.

ఆవకాయ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. సీసా అయితే బరువని హార్లిక్స్ డబ్బాలో పోస్తారు. మూత కింద పాలిథిన్ కవరు, దాని మీద రబ్బరు బ్యాండు, ఆ పైన ఇంకో కవరు వేసి ముడి. ఆ ముడి విమానంలో నిలబడుతుంది, రైల్లోనూ నిలబడుతుంది. లోయలో మూడో గంట నడకకు, ఎండ సంచి మీద పడ్డాక, నూనె నెమ్మదిగా దారి చూసుకుంటుంది. ముందు కవరు తడుస్తుంది, తర్వాత కోడలి ఉన్ని స్వెట్టరు, తర్వాత సంచి అడుగు. రాత్రి ఆ సంచిని హట్టువాళ్ల తెల్ల దిండు పక్కన ఆనించండి. పొద్దున్నకి దిండు మీద అస్తమయం కనిపిస్తుంది. ఆవపిండి వాసనకు పక్క పరుపు ఖాళీ అవుతుంది కనుక, విశాలంగా పడుకోవచ్చు.

కెటిల్ విషయం. ఎత్తులో ఉన్న చాలా హట్టులకు కరెంటు తీగలు రావు. సౌర ఫలకలో, వాగు మీద తిరిగే చిన్న టర్బైనో, అదే ఆధారం. ఫోన్ చార్జింగ్‌కే వరుస కట్టాలి. ఆ వరుసలో ముందుకు దూరి, ఫోన్ తీసేసి, 2000 వాట్ల కెటిల్ గుచ్చండి. హట్టంతా ఒక్కసారిగా చీకటవుతుంది. "ఇక్కడా పవర్ కట్టేనా?" అని గట్టిగా అనండి.

6. ఆలస్యంగా బయల్దేరండి.

ఆరు గంటల రైలు అబ్బాయి చెప్పేది. పదకొండు గంటల రైలు మీరు ఎక్కేది. దోసె తినకుండా కొండెక్కడమేంటి? గార్మిష్‌లో 1936 ఒలింపిక్స్ నాటి స్కీ స్టేడియం దాటితే పార్ట్‌నాఖ్ నది కోసిన ఇరుకు లోయ వస్తుంది. టిక్కెట్టు ఉంటుంది. పిల్లల టిక్కెట్టు ఇమ్మని బేరమాడండి. ఏడొందల మీటర్ల సందు అది, రాతి గోడల మీంచి నీళ్లు కారుతుంటాయి. అందులో రెండు గంటలు గడపండి. ఒక్కొక్కరు ఒక్కో సెల్ఫీ, తర్వాత జంటలు, తర్వాత అందరూ కలిసి, తర్వాత "నా కళ్లు మూసుకుపోయాయి, ఇంకోటి". వెనక జర్మన్లు వరుసగా నిలబడతారు. వాళ్లకు ఓపిక ఎక్కువ.

దారి బోర్డుల మీద గంటలు రాసి ఉంటాయి, ఆగకుండా నడిస్తే పట్టే సమయం. దాన్ని సగం చేసి లెక్కేసుకోండి. ఆల్ప్స్‌లో వేసవి మధ్యాహ్నాలు ఉరుములు, పిడుగులు మామూలే. అందుకే అక్కడివాళ్లు పొద్దున్నే నడక ముగిస్తారు. మీరు సరిగ్గా ఆ వేళకు చెట్లు లేని చోటికి చేరేలా చూసుకోండి. ఇనుప కడ్డీ గొడుగు ఉంటే ఇంకా మంచిది.

7. అడ్డదారి పట్టండి.

రైన్‌టాల్ దారి శిఖరం దాకా ఇరవై కిలోమీటర్ల పైచిలుకు, 2200 మీటర్లకు మించిన ఎక్కుడు. పొడుగే గానీ చాలావరకు చేయి పట్టుకుని నడవదగ్గ దారి. పక్కనే హోలెన్‌టాల్ దారి ఉంది, మ్యాపులో చూస్తే దగ్గర. ఒకచోట నిలువు బండకు కొట్టిన ఇనుప మేకుల మీద అడుగులేసుకుంటూ పోవాలి. మరోచోట హిమానీనదం, అందులో పగుళ్లు. జనం నడుముకు పట్టీ, తలకు హెల్మెట్, బూట్లకు ఇనుప పళ్లు తగిలించుకుని ఎక్కుతారు. నేరేడ్‌మెట్ చౌరస్తాలో సిగ్నల్ తప్పించుకోవడానికి సందులన్నీ తెలిసిన మీకు అవన్నీ దేనికి? చెప్పులు చాలు.

8. ఆవుల్ని పలకరించండి.

మెడలో గంటలతో మేస్తుంటాయి. దూడ పక్కన కూర్చుని మెడ చుట్టూ చెయ్యేయండి. తల్లి ఆవు తల దించి, ముక్కు బుసకొడుతూ వస్తుంది. మీరు గోమాత భక్తులని దానికి ఎవరూ చెప్పలేదు, మీరే చెప్పుకోండి. కంచె గేటు తెరిచింది తెరిచినట్టే ఉంచండి. వెనక వచ్చేవాళ్లకు శ్రమ తప్పుతుంది, ఆవులకూ.

9. బూట్లతో లోపలికి నడవండి.

గుమ్మంలోనే బూట్ల గది ఉంటుంది. అక్కడ విప్పి, మెత్తటి చెప్పులు తొడుక్కుని లోపలికి పోవాలి. గుడిలో, ఇంట్లో, ఆఖరికి పళ్ల డాక్టరు దగ్గర కూడా చెప్పులు విప్పే మనం ఇక్కడైనా స్వేచ్ఛగా ఉండొద్దా? బురదతో సరాసరి కౌంటరు దగ్గరికి వెళ్లి, "సింగిల్ రూమ్, అటాచ్‌డ్ బాత్" అనండి. హట్టు నడిపే అమ్మాయి పొద్దున నాలుగింటి నుంచి నిలబడి ఉంటుంది. "మావాడు కార్ల కంపెనీలో టీమ్ లీడ్, తెలుసా?" అనండి. తెలియదంటుంది. ఇంకోసారి చెప్పండి, ఈసారి జీతంతో సహా.

10. పడక పోరులో గెలవండి.

మీకు ఇచ్చేది గది కాదు, పొడవాటి అరుగు. దాని మీద వరుసగా పరుపులు. ఆడా మగా, తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ భుజం భుజం ఆనించి పడుకుంటారు. గోడ పక్క పరుపు మీద రుమాలు, కిటికీ పక్క దాని మీద కండువా, మధ్యలో చెగోడీల కవరు వేయండి. ఎవరైనా నంబరు చూపించి అది తమదంటే, మోకాలు పట్టుకోండి. లోయర్ బెర్తు కోసం తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో పట్టుకున్న మోకాలే. "కొంచెం సర్దుకోండి" అన్న మాట జర్మన్‌లోకి మార్చమని అబ్బాయికి చెప్పండి. వాడు మార్చడు. కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంటాడు.

రాత్రి పదికల్లా హట్టులో నిశ్శబ్దం. ఆ వేళ సైనిక్‌పురిలో ఒంటిగంటన్నర, అందరూ నిద్రలో ఉంటారు కాబట్టి మీరూ పడుకోండి. తెల్లవారుజామున నాలుగింటికి లేవండి. అక్కడ ఏడున్నర, మన వాకింగ్ గ్రూపు ఇడ్లీ బండి దగ్గర ఉంటుంది. సిగ్నల్ ఉన్న హట్టయితే స్పీకర్ పెట్టి వీడియో కాల్ చేయండి. ఫోన్ లైటు వరుసగా ఒక్కో పరుపు మీద వేసి, "వీళ్లే, చూడు" అని పరిచయం చేయండి. సిగ్నల్ లేకపోతే సంచి సర్దుకోండి. చీరల షాపు కవర్లలో, ఒక కవర్లో ఇంకో కవరు పెట్టి సర్దుకున్నవాళ్లకే ఆ చప్పుడు విలువ తెలుస్తుంది. గురక గురించి ప్రత్యేకంగా సాధన అక్కర్లేదు.

11. వంటగదితో రాజీ పడకండి.

రాత్రి భోజనం సాయంత్రమే పెట్టేసి పొయ్యి ఆర్పేస్తారు. మీరు తొమ్మిదింటికి వెళ్లి, మెనూలో పప్పు సూపు చూసి ఆర్డరివ్వండి. మాంసం ఉందా అని అడక్కండి. పప్పంటే పప్పే కదా. సగం తిన్నాక గిన్నె అడుగు నుంచి సాసేజీ ముక్క తేలుతుంది. అప్పుడు లేచి నిలబడి అరవండి. అసలు కైజర్‌ష్మార్న్ అని, గుడ్లూ మైదాతో చేసిన మెత్తటి దిబ్బరొట్టె లాంటిది చించి, మీద పంచదార చల్లి పెడతారు. కడుపు నిండుతుంది, మాంసముండదు. ఆ పేరు ఎవరు చెప్పినా విననట్టు ఉండండి.

బిల్లు వచ్చాక "ఫోన్‌పే ఉందా?" అనండి. చాలా హట్టుల్లో నగదు తప్ప నడవదు, ఏటీఎం లోయ కింద ఉంటుంది. అబ్బాయి ఇది ప్రింటవుట్‌లో గీత గీసి మరీ ఇచ్చాడు. మీరు దాని వెనక వైపే చదివారు.

12. నీళ్లు వదలండి.

అది సున్నపురాయి కొండ. శిఖరం కింది మైదానంలో పడిన వాన, కరిగిన మంచు నేలలోకి ఇంకిపోయి, ఎక్కడో కింద పార్ట్‌నాఖ్ ఊటగా బయటపడతాయి. పైన ఉండేవాళ్లకు మిగిలేది తక్కువ. స్నానానికి నాణెం వేస్తే కొన్ని నిమిషాలే నీళ్లొస్తాయి, కొన్నిచోట్ల అదీ ఉండదు. మీరు కుళాయి కింద ప్యాంటు, రెండు చొక్కాలు, ఆవకాయ స్వెట్టరు ఉతికి, బాల్కనీ కడ్డీల మీద ఆరేయండి. బకెట్ కావాలని అడగండి. మగ్గు కూడా.

13. చెత్త వారికే వదిలేయండి.

పైకి ప్రతి బస్తా తాడు మీద జారే సామాన్ల పెట్టెలోనో, హెలికాప్టర్‌లోనో, మనుషుల వీపు మీదో రావాలి. చెత్త కూడా అలాగే దిగాలి. అందుకే ఎవరి చెత్త వాళ్లు కిందికి మోసుకెళ్లాలన్నది పద్ధతి. పులిహోర రేకు డబ్బాలు పరుపు కింద బాగా ఇముడుతాయి. ఖాళీ సీసాలు పక్కాయన సంచి జేబులో ఇంకా బాగా.

14. హట్టు పుస్తకంలో అభిప్రాయం రాయండి.

గుమ్మం దగ్గర ఒక లావుపాటి పుస్తకం ఉంటుంది. పేరు, ఎక్కడి నుంచి వచ్చారు, రేపు ఎక్కడికి వెళ్తున్నారు, అంతే రాయాలి. ఎవరైనా రాత్రికి చేరకపోతే వెతికేవాళ్లు ముందు తెరిచేది ఆ పేజీనే. పేరు దగ్గర "గ్రూప్" అని, వచ్చిన చోట "ఇండియా" అని, వెళ్లే చోట "సైనిక్‌పురి, వయా నేరేడ్‌మెట్" అని రాయండి. మిగతా పేజీలో ఇక్కడ అన్నం పెట్టకపోవడం గురించి రాయండి.

15. శిఖరం రైల్లో గెలవండి.

1930 నుంచి పళ్ల చక్రాల రైలు త్సుగ్‌ష్పిట్సె కొండ మీదికి, శిఖరం కింది దాకా నడుస్తోంది. అందులో ఎక్కి, మంచు మీద ఫొటో దిగి, చొక్కా మీద నీళ్లు చల్లుకుని చెమటని చెప్పండి. దిగే ఆఖరి బండి సాయంత్రమే వెళ్లిపోతుంది. టైమ్ టేబుల్ చూడకండి. మన ఆర్టీసీలో ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది కదా.

16. చిక్కుకుంటే కుటుంబం గ్రూపులో పెట్టండి.

బండి పోయింది, చీకటి పడింది, మోకాలు ఈసారి నిజంగానే పట్టేసింది. 112కు ఫోన్ చేయాలి. అందకపోతే నిమిషానికి ఆరుసార్లు లైటుతో గానీ ఈలతో గానీ సైగ చేసి, ఒక నిమిషం ఆగి, మళ్లీ మొదలెట్టాలి. అవన్నీ పాత పద్ధతులు. "కొండ మీద ఉన్నాం" అని వాట్సాప్‌లో కుటుంబం గ్రూపులో పెట్టండి. ముప్పై దండం బొమ్మలు వస్తాయి. ఫోన్ బ్యాటరీ అలా పూర్తిగా వాడేశాక, బవేరియా పర్వత రక్షణ దళంవాళ్లు వస్తారు. వాళ్లు జీతం తీసుకోని స్వచ్ఛంద సేవకులు, పగలు వేరే ఉద్యోగాలు చేసుకుని రాత్రి మీకోసం ఎక్కుతారు. "ఇంత ఆలస్యమేంటి?" అనండి.

నడిచి దిగలేనని చెప్పి హెలికాప్టర్ అడగండి. వీసా కోసం తీసుకున్న 30,000 యూరోల బీమా ఉందిగా. అది ఆస్పత్రి ఖర్చుకా, దెబ్బ తగలకుండా అలిసిపోయినవాళ్లను మోసుకొచ్చే ఖర్చుకా అన్నది పాలసీలో సన్నక్షరాల్లో ఉంటుంది. కళ్లజోడు సంచి అడుగున, ఆవకాయలో ఉంది. ధైర్యంగా సంతకం పెట్టండి. చిరునామా దగ్గర అబ్బాయిది రాయండి. అక్కడి ఆఫీసులు తొందరపడవు, బిల్లు పోస్టులో నింపాదిగా వస్తుంది. ఈలోగా మీ వీసా గడువు తీరిపోయి, శంషాబాద్‌లో దిగేసి ఉంటారు.